ఆరని దీపము, వెలగని దీపము



ధాన్యము అమ్ముడుపోయి చేతిలో నాలుగు డబ్బులు కనబడే రోజులలో మన పల్లెలలో పెండ్లి మాటలతో పాటు బండి మాటలు కూడా మొదలవుతాయి. కొత్త కారు అందరికీ అందేది కాదు గనుక, పట్నములో ఎనిమిదేండ్లో పదేండ్లో తిరిగిన డీజిలు కారును చూచి, బేరమాడి తెచ్చుకొంటారు. కొందరికి అది కుటుంబముతో తిరుగుటకు. చాలమందికి అదే జీవనము. ఆసుపత్రికి, స్టేషనుకు, పెండ్లిండ్లకు కిరాయి తిప్పి అప్పు తీర్చుకోవాలి. అటువంటివారు ఈ మధ్య మా యొద్దకు వచ్చి అడుగుచున్న ప్రశ్న ఒక్కటే. "అయ్యగారూ, మీటరులో ఏదో దీపం వెలుగుతున్నది. అమ్మేవాడు ఏం కాదంటున్నాడు. కొనవచ్చా?"

ఈ నెల ఆ దీపముల సంగతే వ్రాయుచున్నాము. మేము ఇంజనీరులము కాము. అయితే మా సంఘములో ఇరువది ఏండ్లుగా డీజిలు బండ్లు బాగుచేయుచున్న సహోదరుడు ఒకరున్నారు. బండి చూడబోయేవారు ఆయనను పిలుస్తారు, ఆయన మమ్మును పిలుస్తాడు. పెద్దమనిషి ప్రక్కన ఉంటే బేరములో గొంతులు లేవవని ఆయన నమ్మకము. ఆ విధముగా చాల బండ్ల ముందు నిలువబడి, ఆయన చెప్పినది విని, చేసినది చూచి నేర్చుకొన్నాము. అన్నిటిలో ముఖ్యమైనది ముందే చెప్పివేస్తాము. వెలుగుచున్న దీపమును చూచి అందరూ భయపడతారు. వెలగవలసిన సమయములో వెలగని దీపమును ఎవరూ చూడరు. మోసమున్నచోట అది రెండవదానిలోనే ఉంటుంది.

మొదట టర్బో అనే మాట. పూర్వము అంబాసిడరు డీజిలుకు అది లేదు. 1998లో వచ్చిన మొదటి టాటా ఇండికా డీజిలుకూ లేదు. నేడు పాత బండ్ల బజారులో మనకు కనబడే స్విఫ్టు, డిజైరు 1.3 లీటర్ల డీజిలు, ఇన్నోవా, స్కార్పియో, బొలెరో వీటన్నిటికీ ఉన్నది. ఇంజను నుండి బయటకు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రము బయటి గాలిని ఒత్తిపట్టి ఇంజనులోనికి త్రోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ కాలుతుంది, చిన్న ఇంజను పెద్ద బలము చూపుతుంది. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. వృథాగా పోయే పొగతో పని చేయించుకొనుట మంచి యోచనే. కాని ఆ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. అది ఆనుకొని తిరిగేది పలుచని ఆయిలు పొర మీదనే. ఆయిలు సమయానికి మార్చకపోయినా, మడ్డి కట్టినా, ఒత్తిడి తగ్గినా ముందుగా దెబ్బతినేది టర్బోనే. పాత ఇండికా కొన్నవాడు చేసిన నిర్లక్ష్యమును ఆ ఇంజను భరించింది. ఇవి భరించవు. టర్బో మార్చవలసి వస్తే కూలితో కలిపి పదుల వేలలో బిల్లు అవుతుంది. కిరాయి తిప్పుకొనేవానికి అది కొన్ని నెలల సంపాదన.

ఇక దీపముల రంగులు. ఎరుపు వెలిగితే బండి ఆపి చూడమని అర్థము. పసుపు వెలిగితే ఎక్కడో లోపమున్నది, త్వరలో చూపించుకొమ్మని అర్థము. పచ్చ, నీలము సమాచారము కొరకు మాత్రమే. ఆయిలు డబ్బా బొమ్మ, బ్యాటరీ బొమ్మ, నీళ్ళలో నిలిపిన థర్మామీటరు బొమ్మ ఎరుపువి. ఇంజను ఆకారము, స్ప్రింగు చుట్టవంటి గ్లో ప్లగ్ బొమ్మ, ఏ.బి.ఎస్. అక్షరములు పసుపువి. ఎయిర్‌బ్యాగు బొమ్మ, అనగా ఒడిలో బంతి పెట్టుకొని కూర్చున్న మనిషి, కొన్ని బండ్లలో ఎరుపు, కొన్నింటిలో పసుపు.

బండి దగ్గరకు వెళ్ళగానే మన సహోదరుడు బానెట్టు తెరవడు. రంగు చూడడు. మొదట బానెట్టు మీద అరచేయి ఆనిస్తాడు. వెచ్చగా ఉంటే "ఇప్పుడే తిప్పినట్టున్నారే" అని నవ్వి, "రేపు ప్రొద్దున వస్తాం, మేం వచ్చేదాకా స్టార్టు చేయకండి" అని చెప్పి తిరిగి వచ్చేస్తాడు. వేడెక్కిన ఇంజను చాల లోపములు దాచిపెడుతుంది. మొదటిసారి ఆయన ఈ విధముగా చేసినప్పుడు ముప్పది కిలోమీటర్లు ఊరకే వచ్చామే అని బండి కొనదలచినవారు గొణిగారు. మరునాడు ఉదయము అదే బండి ఆరుసార్లు తిప్పితే గాని అంటుకొనలేదు.

బానెట్టు చల్లగా ఉంటే డ్రైవరు సీటులో కూర్చుండి తాళము త్రిప్పుతాడు, కాని ఇంజను అంటించడు. అక్కడ ఆగుతాడు. బటను బండ్లయితే క్లచ్ త్రొక్కకుండ, ఆటోమేటిక్ అయితే బ్రేకు త్రొక్కకుండ బటను నొక్కితే అదే స్థితి వస్తుంది. ఆ క్షణములో హెచ్చరిక దీపములన్నీ ఒకసారి వెలగాలి. "మేము బ్రతికే ఉన్నాము" అని అవి హాజరు పలుకుట అది. ఏ.బి.ఎస్., ఎయిర్‌బ్యాగు దీపములు కొన్ని క్షణములు వెలిగి వాటంతటవే ఆరిపోవాలి. గ్లో ప్లగ్ చుట్ట కొన్ని క్షణములలో ఆరుతుంది, మన ఎండలలో ఇంకా ముందే ఆరవచ్చును. ఆయిలు, బ్యాటరీ, ఇంజను బొమ్మలు మాత్రము ఇంజను అంటుకొనేవరకు వెలుగుచునే ఉండి, అంటుకొనిన వెంటనే ఆరిపోవాలి.

ఈ హాజరు తీసుకొనుటకు అర నిమిషము చాలును. దీనికి చదువు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. అయినను బండి కొనబోయేవారు నూటికి ఒక్కరు కూడా చేయుట మేము చూడలేదు. తాళము చేతికి రాగానే గబుక్కున అంటించి హారను కొట్టి చూస్తారు!

మా సంఘములోని ఒక కుటుంబము సంగతి చెబుతాము. తండ్రి కౌలు రైతు. ఇంటరు చదివి ఆపివేసిన కుమారునికి బండి ఉంటే కుదురుకొంటాడని రెండు గేదెలను అమ్మి, చీటీ పాడి, మిగిలినది ఫైనాన్సులో తీసుకొని కారు కొనదలచారు. పట్నములో పాత కార్లు వరుసగా పెట్టి అమ్మే ఒక స్థలములో 2014వ సంవత్సరపు 1.3 లీటర్ల డీజిలు సెడాను నచ్చినది. తెల్లని రంగు, కొత్త సీటు కవర్లు. ధర నాలుగు లక్షల ఇరువది వేలు. అబ్బాయి తొందరపడి పదివేలు అడ్వాన్సు కూడా ఇచ్చివచ్చాడు. ఆ తరువాత తండ్రి మమ్మును పిలిచాడు.

బానెట్టు చల్లగానే ఉన్నది. తాళము త్రిప్పితే దీపములు బాగానే వెలిగాయి. మన సహోదరుడు రెండుసార్లు ఆపి మరల త్రిప్పాడు. మూడవసారి మమ్మును వంగి చూడమన్నాడు. ఆయిలు ఉన్నది, బ్యాటరీ ఉన్నది, చుట్ట ఉన్నది, ఎయిర్‌బ్యాగు ఉన్నది. ఇంజను బొమ్మ లేదు.

"ఈ మోడల్లో అది ఉండదన్నా" అన్నాడు అమ్మేవాడు.

వరుసలో నాలుగు బండ్ల అవతల అదే మోడలు, అదే సంవత్సరపు కారు మరొకటి నిలిపి ఉన్నది. మన సహోదరుడు ఏమీ వాదింపలేదు. "దాని తాళం కూడా ఒకసారి ఇవ్వండి" అన్నాడు. అందులో త్రిప్పగానే ఇంజను బొమ్మ పసుపు రంగులో చక్కగా వెలిగినది. అమ్మేవాడు ఫోను వచ్చినట్లు ప్రక్కకు పోయాడు.

ఇట్టి పనులు మూడు నాలుగు విధములుగా జరుగుతాయని ఆయన తరువాత వివరించాడు. మీటరు విప్పి ఆ బొమ్మ వెనుక నల్లని టేపు అంటిస్తారు, లేక దాని చిన్న బల్బు తీసివేస్తారు. కొంచెము తెలివైనవారు ఆయిలు దీపమును బ్యాటరీ దీపముతో కలిపి తీగ వేస్తారు. అప్పుడు అది తాళము త్రిప్పగానే వెలిగి, ఇంజను అంటుకొనగానే బ్యాటరీ దీపముతో పాటు ఆరుతుంది. హాజరు సరిగ్గా పలికినట్లే ఉంటుంది, కాని పలికినది వేరొకరు. పాత పద్ధతి వైరింగు ఉన్న బండ్లలో దీనిని పట్టుకొనుట సులభమే. తాళము త్రిప్పి ఉంచి, ఇంజను మీద ఆయిలు స్విచ్చి తీగను ఊడదీస్తే దీపము ఆరాలి. ఆరకపోతే ఎవరో చేయిపెట్టారన్నమాట. ఈ పని మాత్రము మెకానిక్కు చేతనే చేయించండి.

అన్నిటికంటె ఎక్కువగా జరిగేది ఇది కాదు. దీపమును ముట్టనక్కరలేదు. ఇంజను కంప్యూటరు లోపము కనిపెట్టినప్పుడు ఒక కోడు వ్రాసిపెట్టుకొని దీపము వెలిగిస్తుంది. స్కానరు పెట్టి ఆ కోడు చెరిపివేస్తే దీపము ఆరిపోతుంది. లోపము అలాగే ఉంటుంది. బండి పదో ఏభయ్యో కిలోమీటర్లు తిరిగి, కంప్యూటరు మరల పరీక్షించుకొని, మరల వెలిగించేవరకు కొన్నవాడు నిశ్చింతగా ఉంటాడు. అంతలో డబ్బు చేతులు మారిపోతుంది.

అందుకనే స్కానరు అవసరము. మన దేశములో భారత్ స్టేజి 4 కార్లకు 2010 ఏప్రిల్ నుండి ఓ.బి.డి. అనే ఈ స్వీయ పరీక్ష ఏర్పాటు తప్పనిసరి అయినది, 2013 ఏప్రిల్ నుండి దాని రెండవ దశ. స్టీరింగు క్రింద, మోకాళ్ళ దగ్గర పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది. దానిలో స్కానరు గ్రుచ్చితే కోడ్లు కనబడతాయి. సెల్‌ఫోనుతో కలిసి పనిచేసే చిన్న స్కానర్లు ఇప్పుడు చవకగానే దొరుకుచున్నవి. ఊరికి ఒకటి ఉంటే చాలును, పదిమంది వాడుకొనవచ్చును.

అయితే "కోడ్లు ఏమీ లేవు" అని వచ్చినంతమాత్రాన తృప్తిపడరాదు. ఇక్కడ మన సహోదరుడు మరి రెండు సంగతులు చూస్తాడు. స్వీయ పరీక్షలు పూర్తి అయినవా లేదా అన్నది మొదటిది. దానిని రెడీనెస్ అంటారు. కోడ్లు చెరిపినప్పుడు ఈ పరీక్షల ఫలితములు కూడా చెరిగిపోతాయి, అవి మరల పూర్తి కావాలంటే బండి కొంత తిరగాలి. రోజూ తిరిగే బండి అని చెప్పి, లోపల పరీక్షలన్నీ "పూర్తి కాలేదు" అని ఉంటే ఆ మాటకు ఈ బండికి పొత్తు కుదరదు. రెండవది, చాల బండ్లలో కోడ్లు చెరిపిన తరువాత ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో కంప్యూటరు లెక్క పెట్టుకొంటుంది. ఒకసారి ఒక బండిలో ఆ లెక్క మూడు కిలోమీటర్లు చూపినది. అమ్మేవాని ఇంటికి, మేము నిలువబడిన టీ కొట్టుకు దూరము సరిగ్గా అంతే! బ్యాటరీ తీగ ఊడదీసినా కొన్ని బండ్లలో కోడ్లు పోతాయి. అప్పుడు గడియారము పన్నెండు గంటలు చూపుతూ ఉంటుంది, రేడియోలో స్టేషన్లు పోయి ఉంటాయి. స్కానరు లేనివారు కనీసము ఇవైనా చూడండి.

ఆ తెల్లని కారుకు స్కానరు పెడితే కోడు ఉన్నది. దీపమును మూసినవాడు కోడును చెరపలేదు, లేక చెరిపినా మరల వచ్చుచున్నదేమో. పి 0299. టర్బో ఇవ్వవలసిన గాలి ఒత్తిడి ఇవ్వడము లేదని దాని అర్థము.

అబ్బాయి ముఖము చిన్నబోయినది. "అయినా తీసుకుందాం నాన్నా, బాగు చేయించుకోవచ్చు కదా. పదివేలు ఇచ్చేశాం" అన్నాడు. అడ్వాన్సు తిరిగి ఇవ్వము అని అమ్మేవాడు ముందే చెప్పి ఉన్నాడు. తండ్రి కొంతసేపు బండి వైపే చూచి, "పదివేలు పోతే పదివేలే పోతాయిరా. ఇది దాచినోడు ఇంకేం దాచాడో మనకెట్టా తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాట అనుటకు ఆయనకు ఎంత కష్టమైనదో మాకు తెలుసు. ఒక గేదె పాల మీద పదివేలు మిగలాలంటే ఎన్నాళ్ళు పడుతుందో లెక్క వేసుకోగలిగినవారికే తెలుస్తుంది.

నెల తరువాత వారు కొన్నది అదే ఇంజను ఉన్న మరొక కారు. ఆశ్చర్యమేమనగా, దానిలో ఇంజను దీపము వెలుగుచునే ఉన్నది. కోడు కూడా అదే, పి 0299. అమ్మేది ఒక ఉపాధ్యాయుడు. "రెండు నెలల నుంచి వెలుగుతోందండీ. ఎత్తు ఎక్కేటప్పుడు లాగటం లేదు. షోరూములో టర్బో మార్చాలన్నారు. నాకంత ఓపిక లేక అమ్మేస్తున్నా" అని ఆయనే చెప్పి, సర్వీసు బిల్లులన్నీ ఫైలులో పెట్టి చూపించాడు. ఆయిలు ప్రతిసారి సమయానికే మార్చినట్లు బిల్లులున్నవి.

ఒకే కోడుకు ఒక బండిని వదలి మరొక బండిని ఎందుకు పట్టుకొన్నామని అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. కోడు అనేది రోగలక్షణము చెప్పునే గాని రోగము చెప్పదు. జ్వరము వచ్చినదని థర్మామీటరు చెబుతుంది, అది మలేరియానో జలుబో చెప్పదు. గాలి ఒత్తిడి తగ్గుటకు టర్బో చెడుట ఒక కారణము మాత్రమే. టర్బో నుండి ఇంటర్‌కూలరుకు, అక్కడినుండి ఇంజనుకు పోయే రబ్బరు పైపు పగిలినా, దాని క్లిప్పు వదులైనా అదే కోడు. టర్బోను అదుపుచేసే సన్నని వాక్యూము గొట్టము ఎండకు పెళుసై చిట్లినా అదే. ఎయిరు ఫిల్టరు మూసుకుపోయినా అదే. టర్బో లోపలి రెక్కలు మసిపట్టి బిగుసుకొన్నా అదే. వందల రూపాయలతో పోయేదీ, పదుల వేలు అయ్యేదీ ఒకే నంబరు క్రింద ఉంటాయి. గనుక స్కానరు చూచి "టర్బో పోయింది" అని వెంటనే తీర్పు చెప్పే మెకానిక్కును మేము నమ్మము. "సెన్సారు ప్రాబ్లం, అన్నిటికీ వస్తుంది" అని కొట్టివేసేవానిని అంతకంటె నమ్మము.

ఆ ఉపాధ్యాయుని బండిని మన సహోదరుడు గంటన్నర చూచాడు. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, టర్బోకు గాలి వచ్చే పైపు తీసి, చక్రము మొనను వ్రేళ్ళతో పట్టుకొని కదిపాడు. ప్రక్కలకు కొద్దిగా కదులుట సహజము. ముందుకు వెనుకకు కదలిక తెలియరాదు, రెక్కల అంచులు గోడకు రాసుకొన్న గుర్తులుండరాదు. రెండూ లేవు. పైపులో ఆయిలు తడి పలుచగా ఉన్నది. అది దాదాపు అన్ని బండ్లలో ఉంటుంది, భయపడనక్కరలేదు. చెంచాలతో తీయగలిగినంత నిలిచి ఉంటే మాత్రము అనుమానించవలసినదే. చివరకు ఇంటర్‌కూలరు పైపు అడుగు భాగమున, చేయి పెట్టి తడిమితే గాని తెలియని చోట, అంగుళమున్నర చీలిక దొరికినది. చుట్టూ నల్లని ఆయిలు మసి పట్టి ఉన్నది. ఆ మసియే చోటు చూపినది. దీపమును అడ్డము పెట్టి ధర తగ్గించుకొనుటలో తప్పు లేదు, తగ్గించుకొన్నారు. అయితే చీలిక దొరికిన సంగతి కూడా ఆయనకు చెప్పిన తరువాతనే ధర మాట్లాడితే బాగుంటుందని మేము అన్నాము. తండ్రి ఒప్పుకొన్నాడు. ఉపాధ్యాయుడు నవ్వి, "అయితే అంత తగ్గించను" అన్నాడు. కొంత తగ్గించాడు. కొత్త పైపు వేసి కోడు చెరిపిన తరువాత ఆ దీపము మరల రాలేదు. చీలిన పైపు ఇప్పటికీ మన సహోదరుని షెడ్డులో మేకుకు వ్రేలాడుచున్నది, వచ్చినవారికి చూపించుటకు.

దీపములు హాజరు పలికినా, కోడ్లు లేకపోయినా, బండిని నడిపి చూడకుండ డబ్బు ఇవ్వవద్దు. ఒంటరిగా చదును రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపితే టర్బో సంగతి తెలియదు. నలుగురిని ఎక్కించుకొని, వంతెన ఎత్తో ఘాటు రోడ్డో ఎక్కించండి. నాలుగవ గేరులో నెమ్మదిగా పోవుచు ఆక్సిలరేటరు నిండుగా త్రొక్కితే కొంతసేపటికి వెనుకనుండి ఎవరో త్రోసినట్లు లాగాలి. లాగుచు లాగుచు హఠాత్తుగా నీరసించి, ఇంజను ఆపి మరల అంటిస్తే బాగానే పోవుచున్నదనుకోండి. అది కంప్యూటరు తన్ను తాను కాపాడుకొనుటకు బలము తగ్గించుకొనుట. తాళము తీసి పెట్టగానే పోయినది గదా అని అమ్మేవాడు అంటాడు. మరుసటి ఎత్తు దగ్గర మరల వస్తుంది. వోక్స్‌వాగన్, స్కోడా డీజిలు బండ్లలో ఇటువంటి లోపమునకు గ్లో ప్లగ్ చుట్ట బొమ్మ నడుస్తుండగా మిణుకుమిణుకుమంటుంది. దానిని గ్లో ప్లగ్గులే అనుకొని మోసపోరాదు.

ఇరువది కిలోమీటర్లు తిరిగి వచ్చాక, ఇంజను బాగా వేడిగా ఉండగా, ఆపకుండ ఐదు నిమిషములు అలా వదలి ఆయిలు దీపమునే చూడండి. అది ఒక్కసారి మిణుకుమన్నా సరే, కారణము తేలేవరకు ఆ బండికి రూపాయి ఇవ్వవద్దని మా గట్టి సలహా. ఆ దీపము ఆయిలు ఎంత ఉన్నదో చెప్పదు, ఒత్తిడి ఉన్నదో లేదో చెబుతుంది. అది వెలిగేనాటికి టర్బో ఇరుసుకు జరుగవలసిన నష్టము జరుగుచునే ఉంటుంది. ఐదు నిమిషముల తరువాత ఒకసారి ఆక్సిలరేటరు త్రొక్కి వెనుక నిలువబడినవారిని పొగ రంగు అడగండి. నీలి పొగ వస్తే ఆయిలు కాలుచున్నది.

మన పల్లెలకు ప్రత్యేకమైనది మరొక దీపము. కొన్ని డీజిలు బండ్లలో ఫిల్టరులో నీరు చేరితే దీపము వెలుగుతుంది. డబ్బాలలో తెచ్చి అమ్మే డీజిలు పోయించుకొనేచోట ఇది తరచుగా వస్తుంది. ఫిల్టరు అడుగు మర వదులు చేసి నీరు తీసివేస్తే సరిపోతుంది గదా అని తేలికగా తీసుకొంటారు. టైరులో మనము కొట్టించే గాలి రెండు బార్ల పైచిలుకు. ఈ ఇంజనులలో డీజిలు వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో పోతుంది. అక్కడ నీరు చేరితే పంపు, ఇంజెక్టర్లు తుప్పుపట్టి అరిగిపోతాయి. ఆ దీపము ఎన్నాళ్ళ నుండి వెలుగుచున్నదో, అమ్మేవాడు డీజిలు ఎక్కడ పోయించుకొనేవాడో మాటల్లో పెట్టి అడగండి.

ఎయిర్‌బ్యాగు, ఏ.బి.ఎస్. దీపముల దగ్గర మనవారు చూపే ఉదారత మాకు అర్థము కాదు. "బండి నడుస్తుంది కదా, అవెందుకు" అంటారు! ఎయిర్‌బ్యాగు దీపము ఆరకుండ ఉంటే ప్రమాదములో అది విచ్చుకొనకపోవచ్చును. అసలు వెలగకపోతే ఇంకా అనుమానము. ప్రమాదములో ఒకసారి విచ్చుకొన్న బ్యాగు స్థానములో కొత్తది వేయకుండ, కంప్యూటరును నమ్మించుటకు చిన్న రెసిస్టరు కలిపి స్టీరింగు మూత అతికించివేసిన బండ్లు ఉన్నవి. స్టీరింగు మధ్య మూతకు, డ్యాషుబోర్డుకు అతుకులు, రంగు తేడా ఉన్నవేమో వేలితో తడిమి చూడండి. మన దేశములో కార్లకు ఏ.బి.ఎస్. 2019 ఏప్రిల్ నుండి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుండి తప్పనిసరి అయినవి. అంతకు ముందరి చవక మోడళ్ళలో ఇవి అసలు లేకపోవచ్చును. లేని దీపము వెలగలేదని అమ్మేవానిని నిందింపక ముందు ఆ మోడలులో ఉన్నదో లేదో తెలిసికొనండి.

2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన భారత్ స్టేజి 6 డీజిలు బండ్లు ఇప్పుడిప్పుడే పాత బండ్ల వరుసలలోనికి వచ్చుచున్నవి. మారుతి అప్పటినుండి డీజిలు కార్లు మానివేసినది గనుక ఇవి ఇతర కంపెనీలవి. వీటి పొగ గొట్టములో మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. చేరిన మసిని అప్పుడప్పుడు అదే కాల్చుకోవాలంటే బండి పెద్ద రోడ్డు మీద కొంతసేపు ఆగకుండ పోవాలి. ఊరినుండి మండలానికి, మండలము నుండి ఊరికి నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారికి ఆ అవకాశము రాదు. మసి నిండి దీపము వెలుగుతుంది, దానిని లక్ష్యపెట్టకపోతే బండి బలము తగ్గించుకొంటుంది. అటువంటి తిరుగుడు ఉన్నవారు డీజిలు మాట మానుకొని చిన్న పెట్రోలు బండి చూచుకొనుట మేలని మా అభిప్రాయము. టర్బో పెట్రోలు బండ్లు కూడా ఇప్పుడు చాల వచ్చినవి, పైన చెప్పిన హాజరు వాటికీ అంతే. పెట్రోలు బండిలో ఇంజను దీపము నిలకడగా కాక కొట్టుకొంటూ వెలిగితే మాత్రము వెంటనే నెమ్మదించి ప్రక్కకు ఆపండి. ఇంధనము సరిగ్గా మండక పొగ గొట్టములోనికి పోవుచున్నదని గుర్తు.

ఫైనాన్సు బాకీ ఉన్న బండి కొనేటప్పుడు పుచ్చుకోవలసిన కాగితముల సంగతి కొందరు అడిగారు. అది వచ్చే నెల వ్రాస్తాము. ఈ లోపల ఎవరైనా అడ్వాన్సు ఇవ్వబోతుంటే, పరీక్షలో లోపము బయటపడితే సొమ్ము తిరిగి ఇస్తాననే మాటను కాగితము మీద వ్రాయించుకొని, ఆ తరువాతనే ఇవ్వండి. ఆ తండ్రి పదివేలు ఇంతవరకు తిరిగి రాలేదు.